తడారినాక చూడాల

మా ఇంటి ముందు ఆ బండి దిగిన పూట మా ఆవిడ రాజేశ్వరమ్మ వాకిట్లో నీళ్ళ డ్రమ్ముల మూతలు తీసి ఒక్కొక్కదాంట్లోకి తొంగి చూస్తోంది. మే నెల. మార్కాపురంలో మా వీధికి ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తుంది. చుట్టాలు అసలు రారు. వస్తే స్నానం చేస్తారని మాకు భయం, చేయనివ్వమని వాళ్ళకు భయం.

మినీ లారీలోంచి తాళ్ళు కట్టి దించారు దాన్ని. నాలుగు లావుపాటి చక్రాలు, మోటారుసైకిలు హ్యాండిలు, దున్నపోతు నడుము. అల్యూమినియం ఇంజను మూతలు తెల్లబూజు పట్టిపోయి ఉన్నాయి. ఇంజనులోంచి వంపు తిరిగి వెనక్కి పోయే పొగగొట్టం, దాని చివర సైలెన్సరు, రెండూ అప్పుడే కుంపట్లోంచి తీసినట్టున్నాయి.

"ఏందండీ ఇది?" అంది మా ఆవిడ.

"ఏటీవీ," అన్నాను గర్వంగా.

"ఏ టీవీ? ఉన్న టీవీకే రీచార్జి లేదు."

నేను వేయాల్సిన జోకు మా ఆవిడ ముందే వేసేస్తే నాకు అన్నం సయించదు. ఆ రోజు మంచి హుషారులో ఉన్నాను కాబట్టి క్షమించాను.

నా పేరు సీతారామాంజనేయులు. పేరులో ముగ్గురున్నా రెండేళ్ళుగా పని చేసేవాడు ఒక్కడూ లేడు. మాది పలకల ఫ్యాక్టరీ. మా ఊళ్ళో 'రాయి' అనే మాట నామవాచకమూ అదే, క్రియా అదే. కొండలోంచి రాయి తీస్తాం, పలక చేస్తాం, పిల్లవాడి చేతిలో పెట్టి 'రాయి' అంటాం. ఆ పిల్లవాడు పలక వదిలి సెల్లు పట్టుకున్నాక రాయీ లేదు, రాయడమూ లేదు. ఫ్యాక్టరీ మూత పడింది. నా మూతి మాత్రం పడలేదు.

ఆ మూతే ఈ బండిని ఇంటికి తెచ్చింది. ఒక పెళ్ళి భోజనాల్లో గిద్దలూరు పుల్లారావు నా పక్కన కూర్చున్నాడు. కంభం చెరువు అవతల అతను ఒక ఆటల పార్కు పెట్టాడు. ఇలాంటి బళ్ళు పన్నెండు కొని, సెలవులకు వచ్చిన జనాన్ని దుమ్ములో తిప్పుతున్నాడు. రెండు వానాకాలాలకు బళ్ళ ముఖాలు మాసిపోయాయనీ, మెరుగు పెట్టించడానికి హైదరాబాదు పంపుతున్నాననీ అన్నాడు. నేను లడ్డు కింద పెట్టేశాను.

"పాలిష్ కోసం మార్కాపురం దాటి పోతావా? రాతినే నున్నగా చేసినవాళ్ళం, ఇనుమొక లెక్కా? నీ సైలెన్సరులో నువ్వు మీసం దువ్వుకునేట్టు చేస్తా."

పుల్లారావుకు మీసం మీద మమకారం. "సరే అన్నా. ఒక్క బండి పంపిస్తా. జూన్ ఒకటో తేదీకి వచ్చి చూస్తా. నచ్చితే పన్నెండూ నీకే, అదీ ఆరు వారాలకోసారి. నచ్చకుంటే లారీ ఎక్కిస్తా," అన్నాడు.

జూన్ ఒకటి నాకూ కావలసిన తేదీనే. మా షెడ్డును ఎరువుల గోడౌనుకు అడుగుతున్నవాళ్ళకు ఆ వారంలోనే మాట చెప్పాలి. పుల్లారావు పని దొరికితే షెడ్డు ఉంటుంది. లేకపోతే మా నాయన కట్టిన షెడ్డులో యూరియా బస్తాలుంటాయి, నేను పక్కన కుర్చీ వేసుకుని వాసన చూస్తుంటాను.

షెడ్డుకు కరెంటు తీసేశారు కాబట్టి పని ఇంటి పెరట్లోనే. మెకానిక్ మస్తానయ్య వచ్చి ఇంజను మూతలు, పొగగొట్టం, సైలెన్సరు విప్పి గోనెపట్టా మీద పరిచాడు. పాత నూనె జిడ్డు కిరసనాయిలుతో కడిగి, "ఇంక మీ ఇష్టం అన్నా, బిగించేటప్పుడు పిలువు," అని వెళ్ళిపోయాడు.

మా ఆవిడ కొంగు దోపింది. ఆమె తోమిన ఇత్తడి బిందె మా బజారులో పేరున్న బిందె. "ఇదేమంత పని? చింతపండు పట్టించి, బూడిదతో తోమితే తళతళ అనాల," అంది. పొద్దున ఇంజను మూతకు దట్టంగా చింతపండు పట్టించింది. ఎండ ఎక్కాక, తడి బూడిద మెత్తి ఇంకో రెండు గంటలు వదిలేసింది. మధ్యాహ్నం కడిగితే, మూత అట్లపెనం రంగుకు వచ్చింది. దాని నిండా సన్న సన్న గుంటలు, అమ్మవారు పోసినట్టు.

రాజేశ్వరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "నా చేతిలో ఒక వస్తువు నల్లబడటం ఇదే మొదలండీ," అంది చిన్న గొంతుతో.

"చింతపండు పెట్టి చింత తెచ్చుకున్నాం," అన్నాను నేను. ఆ మాటకు వారం రోజులు నాకు రసం లేదు.

తర్వాత నేను దిగాను. గరుకు కాయితం కొనుక్కొచ్చి, మోచేతులు పడిపోయేదాకా అన్ని దిక్కులకూ బరబరా గీకాను. కడిగి చూస్తే అద్దం! మా ఆవిడను కేకేశాను. ఆమె వచ్చేలోపు తడి ఆరిపోయింది. ఆరిన మూత మీద పిల్లులు పోట్లాడుకున్నట్టు గీతలు. నిగ్గు తేలుతుందనుకుంటే సిగ్గు తేలింది.

"ఫ్యాక్టరీలో మీరు ఎన్నడన్నా ఒక్క పలక రుద్దినారా?" అంది రాజేశ్వరమ్మ.

"రుద్దించాను."

"అయితే రుద్దినోళ్ళ కాడికి పోండి."

రుద్దినవాళ్ళలో రుద్దినది దానమ్మ. ముప్పై ఏళ్ళు మా పాలిష్ బల్ల దగ్గర కూర్చున్న మనిషి. పుల్లలచెరువు రోడ్డు మీద చర్చి వెనక వీధిలో ఉంటుంది. నేను వెళ్ళేసరికి ముక్కుకు కొంగు బిగించుకుని చేటలో కందులు చెరుగుతోంది.

"బాగుండావా దానమ్మా?"

"ఉండానయ్యా. రెండేండ్లకు దారి తెలిసిందా?"

"దారి తెలుసు, దారిన పడటమే తెలియలేదు."

ఆమె నవ్వలేదు. ఫ్యాక్టరీలో నా జోకులకు ఇరవై మంది ఆడవాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. అప్పుడు హాజరు పుస్తకం నా చేతిలో ఉండేదన్న సంగతి నాకు ఆ పూటే తట్టింది.

సంచిలోంచి మూత తీసిచ్చాను. ఆమె కొంగుతో తుడిచి, ఎండకు ఏటవాలుగా పట్టి చూసింది. గోరుతో ఒకచోట మెల్లగా గీరింది.

"ఎవరిట్ల చేసినారు దీన్ని?"

"చింతపండు."

"ఇంకా?"

"నేను."

"చింతపండుది పోతాది. మీరు గీసినయ్యే లోతున్నాయి."

పని సంగతి చెప్పాను. పుల్లారావు, పన్నెండు బళ్ళు, షెడ్డు, గోడౌను, అన్నీ. పని నిలబడితే ఆమెతోపాటు ఇంకో నలుగురికి బల్లలు మళ్ళీ వేస్తానన్నాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"నీళ్ళుంటాయా?"

ఆమె వెనక గోడ మీద, బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన, జ్ఞానయ్య ఫోటో ఉంది. ఆమె భర్త. మా ఫ్యాక్టరీలోనే రాయి కోసేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గీ దగ్గీ, ఫ్యాక్టరీ మూత పడే ముందటేడు పోయాడు.

"పాలిష్ బల్లల కాడికి నీళ్ళ గొట్టం వేయిస్తానంటిరి," అంది దానమ్మ, చేట పక్కన పెట్టి. ఆమె గొంతులో కోపం లేదు, కందులు బాగున్నాయని చెప్పినట్టే చెప్పింది. "వచ్చే ఎండాకాలానికి, వచ్చే ఎండాకాలానికి అని పదకొండు ఎండాకాలాలు అంటిరి."

"అప్పుడు నీళ్ళ కరువు కదా దానమ్మా…"

"ఇప్పుడు లేదా?"

నేను సంచి నోరు మడత పెట్టుకున్నాను.

"వస్తానయ్యా," అంది. "తడి మీదనే రుద్దుతా. పొడి పని చెయ్యను. చిటికెడు దుమ్ము లేసినా నేనూ లేసి పోతా. ఆదివారం రాను."

"నీళ్ళకేం, ఉంటాయి," అన్నాను. నా నోటికి అది ఎప్పుడూ తేలికైన మాటే.

మర్నాడు షేర్ ఆటో దిగి వచ్చింది. వెంట తెచ్చుకున్న గుడ్డమూటలో చెక్కదిమ్మెలు, పాత చీర పేలికలు, ఒక బలపాల డబ్బా. బలపాలెందుకో నాకు అర్థం కాలేదు. "ఇంజనుకు అక్షరాభ్యాసమా?" అన్నాను. మా ఆవిడ నవ్వింది, దానమ్మ గోనెపట్టా సర్దుకుంది.

ఆమె పని చూస్తుంటే ముప్పై ఏళ్ళు నేను కుర్చీలో కూర్చుని ఏం చూశానో నాకే అనుమానం వచ్చింది. నీళ్ళలో నానిన గరుకు కాయితాన్ని చెక్కదిమ్మెకు చుట్టి, నిలువుగా, ఒకే దిక్కుకు రుద్దింది. నాలాగా చిందర వందరగా కాదు. కడిగింది. నేను "అబ్బ, అద్దం!" అన్నాను.

"ఉండయ్యా. తడి మీద అన్నీ నున్నగానే అవుపిస్తాయి. తడారినాక చూడాల."

ఆరింది. అప్పుడు బలపాన్ని పక్కవాటుగా పట్టి మూతంతా పులిమి, పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచింది. గీత ఉన్నచోట బలపం తెల్లగా పట్టుకుంది, నున్నగా ఉన్నచోట జారిపోయింది. నేను చేసిన పాపాలన్నీ మూత మీద తెల్లగా రాసి ఉన్నాయి. ఆ తెలుపు పోయేదాకా అదే కాయితం, పోయాక అంతకంటే సన్నది, ఈసారి అడ్డంగా. మళ్ళీ ఆరబెట్టడం, మళ్ళీ బలపం. నిలువు, అడ్డం, నిలువు, అడ్డం. ఐదో కాయితానికి బలపం పట్టుకోవడానికి చోటు దొరకలేదు.

అక్కడి నుంచి రాజేశ్వరమ్మ వంతు. పాత చీర పేలికకు పాలిష్ ముద్ద రాసుకుని, బిందెలు తోమిన ఆ చేతులతో గుండ్రంగా తిప్పింది. నలుపు గుడ్డకు ఎక్కుతున్నకొద్దీ మూతలోంచి ఆమె ముక్కుపుడక పైకి వచ్చింది.

"ఇట్లాంటి చెయ్యి పెట్టుకుని చింతపండు కాడికి ఎందుకు పోయినావమ్మా?" అంది దానమ్మ.

"తెలిసింది అదే కదా దానమ్మా."

ఇద్దరూ నవ్వుకున్నారు. నా ప్రమేయం లేకుండా మా ఇంట్లో నవ్వు పుట్టడం నాకు కొత్త.

నీళ్ళను కూడా దానమ్మ పారబోయనివ్వలేదు. బేసినులో పట్టి, తేర్చి, గుడ్డలో వడకట్టి గరుకు పనికి వాడింది. సన్న పనికి మాత్రం మంచినీళ్ళే కావాలంది, ఒక్క ఇసుక రేణువున్నా మొత్తం మొదటికొస్తుంది. మూతలు రెండూ అయ్యాయి, సైలెన్సరు అయింది. వంపు తిరిగిన పొగగొట్టం ఒక్కటే మిగిలింది. తుప్పు గరుకు అంతా పోయింది, చివరి సన్న కాయితాలు ఉన్నాయి.

అప్పుడు ట్యాంకరు రాలేదు. నాలుగో రోజు రాలేదు, ఐదో రోజు రాలేదు. ఎక్కడో రోడ్డు తవ్వారన్నారు, మోటారు కాలిందన్నారు. ఆరో రోజుకు డ్రమ్ములు అడుగంటాయి. జూన్ ఒకటికి ఇంకా మూడు రోజులుంది, అందులో ఒకటి ఆదివారం.

దానమ్మ ఖాళీ బేసిను బోర్లించింది.

"ఈ ఒక్క పూటకీ పొడిగా కానిచ్చేద్దాం దానమ్మా," అన్నాను. "ఇదేం ఫ్యాక్టరీ కాదు కదా. ఇల్లేగా. ఇంతే కదా మిగిలింది, ఇంత చిన్న గొట్టానికి ఎంత దుమ్ము…"

ఆ మాట ఎక్కడ ఆగిపోయిందో నాకే తెలియదు. దానమ్మ కాయితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి మూట కట్టుకుంది. "నీళ్ళొచ్చినాక కబురు పెట్టండమ్మా," అంది, నాతో కాదు, మా ఆవిడతో.

రాజేశ్వరమ్మ లోపలికి వెళ్ళింది. పొయ్యి ఆర్పిన చప్పుడు వినిపించింది. తాగడానికీ వంటకూ దాచిన ఇత్తడి బిందెను నడుమున పెట్టుకుని వచ్చి దానమ్మ పక్కన దించింది. చెంబు కూడా పెట్టింది.

"వాడుకో. కడగడానికి వెనకాడొద్దు."

నా వైపు తిరిగి, "మీరు రెండు క్యాన్లు తీసుకుని నీళ్ళ ప్లాంటు కాడ వరుసలో నిలబడండి," అంది. "అన్నం సాయంత్రానికి చూస్తాం."

దానమ్మ బిందెను దగ్గరికి జరుపుకుంది. తర్వాత మూట విప్పింది.

నేను ఎండలో రెండు గంటలు నిలబడ్డాను. వరుసలో నా ముందు పన్నెండు మంది, వెనక ఇరవై మంది. ఎవరో "ఏంది సీతారామన్నా, ఒక జోకు చెప్పు, పొద్దు పోతాది," అన్నారు. ఏమీ గుర్తు రాలేదు.

జూన్ ఒకటో తేదీ పొద్దున మస్తానయ్య అన్నీ బిగించాడు. చేతులకు పాత సాక్సులు తొడుక్కుని బిగించాడు.

"గొట్టం వేడెక్కకముందు వట్టి చెయ్యి తగలనీయొద్దండి," అన్నాడు. "చేతి జిడ్డు ఉన్నచోట ముద్ర కాలి అట్లనే నిలబడిపోతాది. ఇంజను తిప్పేముందు ఒకసారి గుడ్డతో తుడవాల." ముగ్గురం తలూపాం. నా తలే ఎక్కువ ఊగింది.

పుల్లారావు పదకొండింటికి వచ్చాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. సైలెన్సరు ముందు వంగాడు, జేబులోంచి దువ్వెన తీశాడు, నిజంగానే మీసం దువ్వుకున్నాడు. ఇంక నన్ను ఆపేవాళ్ళెవరు?

"చూస్తివా! పాలిష్ అంటే ఇది. ఈగ వాలితే కాలు జారాల! ఇదిగో ఈ వంపు చూడు, చెయ్యి నిలుస్తాదేమో చూడు!" అంటూ పొగగొట్టాన్ని అరచేత్తో పైనుంచి కిందికి నిమిరాను, బొటనవేలు కిందికి పోనిచ్చి గట్టిగా పట్టుకుని కూడా చూపించాను. ఆ ఊపులోనే బటన్ నొక్కి ఇంజను తిప్పాను.

"అయ్యా!" అంది దానమ్మ. అప్పటికే బండి గర్జిస్తోంది.

రెండు నిమిషాలకు గొట్టం లేత బంగారు రంగు తిరిగింది. దాని మధ్యలో, గోధుమ రంగులో, నా నాలుగు వేళ్ళూ ఒక్కొక్కటిగా పైకి లేచాయి. గీతలతో సహా. అంత పెద్ద చెయ్యి నాకుందని నాకు తెలియదు.

ఇంజను ఆపాను.

"బండికి సైలెన్సరు ఉండాది," అంది రాజేశ్వరమ్మ. "మీకే లేకపోయె."

పుల్లారావు దువ్వెన జేబులో పెట్టేసుకున్నాడు. అప్పుడు దానమ్మ ముందుకొచ్చింది. "చల్లారనీ అయ్యా. కూసో," అంది పుల్లారావుతో. మా ఆవిడ అతనికి మజ్జిగ ఇచ్చింది. అరగంట గడిచింది. గొట్టం చల్లబడ్డాక దానమ్మ చెంబుతో నీళ్ళు పెట్టుకుని, అన్నిటికంటే సన్న కాయితాన్ని బొటనవేలంత ముక్క చించి తడిపి, చూపుడువేలు ముద్ర దగ్గర మొదలుపెట్టింది. ఒకే దిక్కుకు. కడిగి, తుడిచి, ఆరేదాకా ఆగి చూసి, మళ్ళీ. ఆ వెనకే రాజేశ్వరమ్మ పేలికతో మెరుగు తిప్పుకుంటూ వచ్చింది. పుల్లారావు గ్లాసు పట్టుకునే వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు. వేలు తర్వాత వేలు మాయమైంది.

"అన్నా," అన్నాడు నాతో చివరికి. "నా పార్కులో దినానికి యాభై మంది చేతులు పడతాయి వీటి మీద. మెరిసే బండిని నేనేం చేసుకుంటా? ముద్ర పడినప్పుడల్లా తీసే మనిషి కావాల నాకు." దానమ్మ వైపు తిరిగాడు. "పన్నెండూ పంపిస్తా పెద్దమ్మా. ఎప్పుడు మొదలుపెడతావు?"

దానమ్మ నా వంక చూసింది. "అయ్యనడుగు. షెడ్డులో బల్లల కాడికి నీళ్ళ గొట్టం ఏ దినం పడితే ఆ దినం."

పొగగొట్టం మీదా నీళ్ళ గొట్టం మీదా కలిపి నాకు ఒక్కసారే నాలుగు జోకులు వచ్చాయి. మింగేశాను.

"సోమవారం," అన్నాను.

బండిని మినీ లారీ ఎక్కిస్తుంటే దానమ్మ నన్ను పిలిచింది. వంగి చూడమంది. గొట్టం వంపు అడుగున, నిలబడితే కనిపించని చోట, నా బొటనవేలి ముద్ర గోధుమ రంగులో అట్లనే ఉంది.

"ఒకటి మర్చిపోయినావు దానమ్మా."

"మర్చిపోలా," అంది. "ముప్పై ఏండ్లు నా ఏలిముద్ర మీ పుస్తకంలో ఉండె. మీదొకటి నా కాడ ఉండనీండి."

ఆ సోమవారం షెడ్డుకు కరెంటు కంటే ముందు నీళ్ళ గొట్టం పడింది. ఎరువులవాళ్ళకు వేరే గోడౌను దొరికిందట. ఐదు బల్లలున్నాయి ఇప్పుడు, బల్లకో కుళాయి. ఆ మొదటి బండి ఆరు వారాలకోసారి వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ దానమ్మ గొట్టమంతా అద్దంలా రుద్ది, అడుగున ఆ ముద్ర దగ్గరికొచ్చేసరికి చెయ్యి పక్కకు తిప్పుకుని పోతుంది. నేను పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, ఐదు కుళాయిలూ ఒక్కొక్కటే తిప్పి చూస్తాను. నీళ్ళొచ్చాకే ఆడవాళ్ళకు జోకు చెప్తాను. అప్పుడప్పుడు నవ్వుతారు.